తనవాళ్ల మాట కాదనగలిగినవాడు

అమెరికా అధ్యక్షుణ్ణి నవంబరులో ఎన్నుకుంటారని అంటాం. కానీ నవంబరు వచ్చేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. ఇంత పెద్ద దేశంలోంచి ఇద్దరిని ఏరి పెట్టే పని అంతకుముందే, జనవరి నుంచి జూన్ లోపు, పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీల్లోనూ కాకస్‌లలోనూ జరిగిపోతుంది. ఆ ఏరివేతకు వచ్చేవాళ్లు చాలా తక్కువ. 2024 జనవరిలో ఎముకలు కొరికే చలిలో అయోవా రిపబ్లికన్ కాకస్‌లకు వచ్చినవాళ్లు సుమారు 1,10,000 మంది. ఆ రాష్ట్ర జనాభా 30 లక్షల పైమాటే. ఆ ఒక్క రాత్రి తీర్పు వినగానే వివేక్ రామస్వామి తప్పుకున్నారు. వారం తిరక్కుండానే ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ కూడా తప్పుకున్నారు. తక్కిన రాష్ట్రాలవాళ్లకు వాళ్లను తూచి చూసే అవకాశమే రాలేదు.

నేనుండే టెక్సస్‌లో ఈ ఏరివేతలో పాలుపంచుకోవడం చాలా సులువు. ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఏ పార్టీయో రాయక్కర్లేదు. మార్చిలో పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఫలానా పార్టీ బ్యాలెట్ కావాలంటే అదే ఇస్తారు. ఒక పార్టీ ప్రైమరీలో ఓటేశాక అదే ఏడాది రెండో పార్టీ రనాఫ్‌లో (రెండో విడత పోలింగ్‌లో) వేయకూడదు, అంతే నియమం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వంటి ఊళ్లలో పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లు ఎంతోమంది ఉన్నారు. నవంబరులో శ్రద్ధగా వెళ్లి ఓటేస్తారు గానీ, మార్చి నెల వాళ్లకు గుర్తుండదు. నాకు మాత్రం మార్చి ఓటే పెద్ద బాధ్యతగా అనిపిస్తుంది.

2028లో ఆ బాధ్యత ఇంకా పెరుగుతుంది. 1951లో అమల్లోకి వచ్చిన 22వ రాజ్యాంగ సవరణ ఎవరినీ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నుకోనివ్వదు. రెండుసార్లు గెలిచిన డొనాల్డ్ ట్రంప్ మరి ఎన్నిక కాలేరు. 2016 నుంచి ఒక్క మనిషి చుట్టూ తిరిగిన రిపబ్లికన్ పార్టీ కొత్త మనిషిని వెతుక్కోవాలి. ఆ మనిషి ఎవరో తేలడం రిపబ్లికన్ల సొంత వ్యవహారం కాదు. రెండు పార్టీలే దేశాన్ని వంతులవారీగా ఏలే చోట, ఎప్పుడో ఒకప్పుడు రెండోది అధికారంలోకి వచ్చి తీరుతుంది. రిపబ్లికన్ పార్టీలోని కన్జర్వేటివ్‌లతో (సంప్రదాయవాదులతో) ఏకీభవించనివాడికి కూడా వాళ్ల తరఫున మంచి మనిషి నిలబడటం అవసరం. అందుకే అభ్యర్థిని తూచే తూకం గురించి ఇంతగా ఆలోచిస్తున్నాను.

ఈ తూకానికి కన్జర్వేటివ్‌ల ఇంట్లోనే ఒక పాత సూత్రం ఉంది. 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రికను స్థాపించి, చెల్లాచెదురుగా ఉన్న కన్జర్వేటివ్ ఆలోచనలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చిన విలియం బక్లీ, 1968 ఎన్నికల ముందు ఆ సూత్రం చెప్పారు. గెలవగలిగినవాళ్లలో ఎవరు అందరికన్నా కుడివైపున ఉన్నారో వాళ్లను బలపరచాలి. అంటే రెండు తూకాలు. మన సిద్ధాంతానికి ఎంత దగ్గర? గెలిచే అవకాశం ఎంత? ఇప్పటికీ టీవీ చర్చల్లో వినిపించేవి ఈ రెండే. పార్టీ మనసు గెలవాలి, ఆ తరువాత దేశం మనసు గెలవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మన పెద్దల మాటకు ఇది సరిగ్గా సరిపోతుంది.

సూత్రం చక్కగా ఉంది. చిక్కల్లా ఆ రెండు తూకాలూ నిలకడగా నిలవకపోవడమే.

ముందు గెలుపు సంగతి చూద్దాం. 1964లో బ్యారీ గోల్డ్‌వాటర్ సిద్ధాంతం విషయంలో ఏ మాత్రం తగ్గని మనిషి. నవంబరులో ఆయనకు దక్కినవి ఆరే రాష్ట్రాలు, 38 శాతం పైచిలుకు ఓట్లు. ఆ దెబ్బతో, మరీ కుడివైపున్నవాడు దేశంలో గెలవడని అందరూ తీర్మానించుకున్నారు. 1980లో రొనాల్డ్ రీగన్ ముందుకొచ్చినప్పుడు మాజీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సరిగ్గా ఆ మాటే అన్నారు. మరీ కన్జర్వేటివ్ అయిన రిపబ్లికన్‌కు జాతీయ ఎన్నికలో గెలుపు ఉండదని ఆయన నమ్మకం. అయోవాలో రీగన్ జార్జి బుష్ చేతిలో ఓడిపోయారు కూడా. వయసు డెబ్బైకి దగ్గరపడింది, ఒకప్పటి సినిమా నటుడు. ఆ నవంబరులో ఆయన 44 రాష్ట్రాలు గెలిచారు. 2012లో మిట్ రామ్నీని గెలిచే మనిషి అన్నారు, ఓడిపోయారు. 2016లో ట్రంప్ గెలవడని పండితులంతా అన్నారు, గెలిచారు. గెలుపు ముందుగా తెలిసే సంగతి కాదు. తెలియనిదాన్ని తెలిసినట్టు తూచబోయి ప్రతిసారీ మోసపోతున్నాం.

ఇక సిద్ధాంతం. దానికన్నా ఇది గట్టి తూకమనిపిస్తుంది. మనిషి ఏం నమ్ముతాడో రాసిపెట్టి ఉంటుంది, ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో లెక్క ఉంటుంది. కానీ కన్జర్వేటివ్‌లు అందరికన్నా మిన్నగా తలచే రీగన్‌నే ఈ త్రాసులో పెట్టి చూడండి. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో పెద్ద పన్నుల పెంపు మీద సంతకం చేశారు. అదే ఏడాది గర్భస్రావ నిబంధనలు సడలించే చట్టం మీదా చేశారు. అధ్యక్షుడిగా 1981లో పన్నులు తగ్గించి, లోటు పెరుగుతోందని 1982లో కొన్ని మళ్లీ పెంచారు. 1986లో ఆయన సంతకం చేసిన వలస చట్టం కింద అనుమతి లేకుండా ఉంటున్న సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. ఇవాళ ఎవరైనా ఇదే చరిత్రతో వస్తే ప్రైమరీలో మొదటి వారం దాటరు.

సిద్ధాంతం కూడా ఒక చోట నిలవలేదు. 1993లో నాఫ్టా వాణిజ్య ఒప్పందం ప్రతినిధుల సభ గట్టెక్కింది డెమొక్రాట్ల కన్నా రిపబ్లికన్ల ఓట్లతోనే ఎక్కువగా. రిపబ్లికన్లవి 132, డెమొక్రాట్లవి 102. ఆ ఒప్పందాన్ని ఘోరమైన తప్పిదమని ఊరూరా తిట్టిన మనిషికి 2016లో అదే పార్టీ టికెట్టు ఇచ్చింది. స్వేచ్ఛా వాణిజ్యం సిద్ధాంతమా, సుంకాలు సిద్ధాంతమా? పాతికేళ్లలో కొలబద్దే మారిపోయినప్పుడు దానితో కొలిచి మనిషిని ఎంచడం ఎలా?

అందుకే నేను మూడో తూకం కోసం వెతుక్కున్నాను. గెలుపు రేపటి సంగతి, సిద్ధాంతం మాటల్లో ఉండేది. జరిగిపోయింది, మార్చడానికి వీల్లేనిది ఒకటుంది. తనవాళ్లంతా ఒక దారిన పొమ్మన్నప్పుడు, ఆ దారి తప్పని తెలిసినప్పుడు, ఆ మనిషి ఏం చేశాడు?

మన ఊళ్లలో గుడి ధర్మకర్త ఎలాంటివాడో ఎలా తెలుస్తుంది? ఉత్సవాల్లో ముందు నడిచే తీరు చూసి తెలియదు. దేవుడి మీద ఆయనకున్న భక్తి ఎంతో మనం కొలవలేం. గుడి మాన్యం కౌలు వేలం రోజున సొంత బావమరిది వచ్చి, ‘కాస్త తగ్గించి నాకే ఇప్పించు బావా’ అన్నప్పుడు ఏం చేశాడన్నదే ఊరు గుర్తుపెట్టుకుంటుంది. ఆ భూమి ఆయనది కాదు. ముందు తరాలవాళ్లు రాసిచ్చింది, తరువాతి తరాలకు అప్పగించాల్సింది. బయటివాడు వచ్చి అడిగితే కాదనడానికి ధైర్యం అక్కర్లేదు. ఇంటివాడు అడిగినప్పుడే ధర్మకర్త బయటపడతాడు.

పదవిని ఇలా చూడటం కన్జర్వేటివ్ భావానికి పరాయిది కాదు, దాని గుండెకాయే అది. రాజ్యాంగం, కోర్టులు, ఎన్నికల పద్ధతి, అధికారం చేతులు మారే ఆచారం పూర్వులు అప్పగించి వెళ్లినవనీ, ఇవాళ్టి ఆవేశం కోసం వాటిని పాడుచేసే హక్కు మనకు లేదనీ ఆ సంప్రదాయం చెబుతుంది. అలా చెప్పే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇంకేముంటుంది?

ఈ తూకంలో నిలిచినవాళ్లు ఆ పార్టీ చరిత్రలో ఉన్నారు. ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్‌ను తన కాలంలో ‘మిస్టర్ రిపబ్లికన్’ అనేవారు. 1946 అక్టోబరులో న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకులకు ఉరిశిక్షలు పడ్డాయి. లోకమంతా సంతోషించింది. కాంగ్రెస్ ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి. అలాంటి వేళ టాఫ్ట్ ఒహాయోలోని కెన్యన్ కాలేజీలో మాట్లాడుతూ, నేరం జరిగిన తరువాత చట్టం రాసి ఆ చట్టంతో శిక్షించడం అమెరికా న్యాయ సంప్రదాయానికి విరుద్ధమన్నారు. నాజీల మీద ఆయనకు జాలి లేదు. చట్టం ముందు, శిక్ష తరువాత అన్న క్రమం మీద పట్టుదల ఉంది. సొంత పార్టీవాళ్లే తలపట్టుకున్నారు. ఆయన చెప్పిన తీర్పుతో నేను ఏకీభవించను. అంతటి ఘోరానికి ఏ చట్టమూ సరిపడలేదు కనుక కొత్త దారి వెతకడం తప్పలేదని నా నమ్మకం. అయినా, ఓట్లు పోతాయని తెలిసీ తాను నమ్మినదాన్ని దాచుకోని మనిషి మీద గౌరవం కలుగుతుంది. 1952లో పార్టీ ఆయన్ను కాదని ఐజన్‌హోవర్‌ను నిలబెట్టింది. నాలుగేళ్ల తరువాత ధైర్యవంతుల మీద పుస్తకం వేసిన జాన్ కెనడీ, ఎదుటి పార్టీవాడైన టాఫ్ట్‌కు అందులో ఒక అధ్యాయం ఇచ్చారు.

1964లో చిత్తుగా ఓడిన గోల్డ్‌వాటర్‌దీ ఇలాంటి కథే. 1974 ఆగస్టు 7న ఆయన, సెనేట్ రిపబ్లికన్ నాయకుడు హ్యూ స్కాట్, ప్రతినిధుల సభ నాయకుడు జాన్ రోడ్స్ కలిసి వైట్‌హౌస్‌కు వెళ్లారు. వాటర్‌గేట్ కుంభకోణంలో కూరుకుపోయిన అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కు సెనేట్‌లో మిగిలిన బలం ఎంత తక్కువో మొహం మీదే చెప్పారు. మర్నాడు రాత్రి నిక్సన్ రాజీనామా ప్రకటించారు. ఆ మాట డెమొక్రాట్లు చెబితే రాజకీయం అయ్యేది. కుడివైపు అందరికన్నా ముందు నిలబడ్డ గోల్డ్‌వాటర్ చెప్పడంతో అది తీర్పు అయింది.

పెద్ద జార్జి బుష్ సంగతి ఇంకా చిక్కైనది. 1988లో న్యూ ఆర్లీన్స్ మహాసభలో కొత్త పన్నులు వేయనని ఆయన దేశం ఎదుట ఒట్టుపెట్టినంత పని చేశారు. 1990లో లోటు పెరిగిపోతుంటే, ఖర్చులకు హద్దులు పెట్టే ఒప్పందంలో భాగంగా పన్నులు పెంచడానికి ఒప్పుకున్నారు. పార్టీలో చాలామంది తిరగబడ్డారు. 1992లో పాట్రిక్ బ్యుకానన్ న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో సిట్టింగ్ అధ్యక్షుడి మీద నిలబడి మూడో వంతుకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నవంబరులో బుష్‌కు 37 శాతమే వచ్చాయి. ఇచ్చిన మాట తప్పడం మంచిదని నేననను. అసలు ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది. కానీ రెండు తప్పుల్లో ఒకటి ఎంచుకోక తప్పని రోజు వచ్చినప్పుడు, తనకు నష్టమయ్యేదాన్ని ఎంచుకున్నారు. ఆ ఒప్పందానికి కెనడీ లైబ్రరీ ధైర్యానికిచ్చే పురస్కారం 2014లో ఇచ్చింది. 1974లో నిక్సన్‌ను క్షమించి 1976లో ఓడిన జెరాల్డ్ ఫోర్డ్‌కు 2001లో అదే పురస్కారం ఇచ్చింది. ఒకరికి 24 ఏళ్ల తరువాత, ఒకరికి 27 ఏళ్ల తరువాత, అదీ ఎదుటివాళ్ల ఇంట్లో గౌరవం దక్కింది. ఆనాడు ఓటర్ల చేతిలో వాళ్లకు దక్కింది ఓటమి.

ఈ తూకానికీ ఒక ప్రమాదం ఉంది. తనవాళ్లను కాదన్న ప్రతివాడూ గొప్పవాడు కాడు. బయటివాళ్ల చప్పట్ల కోసం ఇంటివాళ్లను చిన్నబుచ్చేవాళ్లూ ఉంటారు. పైగా పార్టీ కింది శ్రేణులు ఎప్పుడూ పొరపాటే పడతాయనుకోవడం అహంకారం. 2016 ఈ సంగతి బాగా నేర్పింది. ఆ ఏడాది రిపబ్లికన్ బరిలో పేరున్నవాళ్లే 17 మంది. పెద్ద బుష్ కొడుకు జెబ్ బుష్‌ను బలపరిచే సంస్థ ఒక్కటే 10 కోట్ల డాలర్లకు పైగా పోగు చేసింది. ఆయనకు దక్కిన పార్టీ మహాసభ ప్రతినిధులు నలుగురు. ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లలోనూ, ఇరాక్‌కు పిల్లల్ని పంపిన ఇళ్లలోనూ పేరుకున్న కోపాన్ని పెద్దలు వినలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరి 13న సౌత్ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో జరిగిన చర్చ మరిచిపోలేనిది. బుష్ కుటుంబాన్ని అభిమానించే రాష్ట్రం, సైనిక కుటుంబాలు ఎక్కువ. అక్కడ నిలబడి ట్రంప్, జెబ్ అన్న అధ్యక్షుడిగా మొదలుపెట్టిన ఇరాక్ యుద్ధం పెద్ద తప్పన్నారు. హాలంతా గోల చేసింది. వారం తిరిగేసరికి ఆ రాష్ట్రం ఆయన్నే గెలిపించింది. తనవాళ్లు వినడానికి ఇష్టపడని మాట వాళ్ల ముందే చెప్పడమంటే ఇది కూడా. నా తూకం న్యాయమైనదైతే ఈ రోజును కూడా ట్రంప్ ఖాతాలో రాయాలి, రాస్తాను. ఆ త్రాసే ఆ తరువాతి రోజుల్నీ తూచాలి.

ఆ గెలుపులో లెక్కల మహిమ కూడా ఉంది. సౌత్ కరొలైనాలో ట్రంప్‌కు వచ్చినవి 32.5 శాతం ఓట్లు. దక్కిన ప్రతినిధులు మాత్రం మొత్తం 50కి 50. మూడింట రెండు వంతుల మంది వేరేవాళ్లకు ఓటేసినా వాళ్లకు ఒక్కరూ రాలేదు. రిపబ్లికన్ నియమాలు చాలా రాష్ట్రాల్లో గెలిచినవాడికే సింహభాగం కట్టబెడతాయి. కనుక బరిలో జనం ఎక్కువైనప్పుడు, అందరికీ కాస్త నచ్చేవాడి కన్నా కొందరికి బాగా నచ్చేవాడు నెగ్గుకొస్తాడు. అలా నెగ్గుకురావాలంటే ఆ కొందరినీ ఎన్నడూ నొప్పించకూడదు. తనవాళ్లను కాదనగలిగే గుణాన్ని ప్రైమరీ ఇలా మొదట్లోనే ఏరి పారేస్తుంది.

అలా ఏరి పారేసిన ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. మైక్ పెన్స్ సిద్ధాంతంలో వంక పెట్టడానికి లేదు. 12 ఏళ్లు ప్రతినిధుల సభలో, తరువాత ఇండియానా గవర్నర్‌గా, మతం దగ్గర నుంచి పన్నుల దాకా ప్రతి విషయంలోనూ గట్టి కన్జర్వేటివ్. నాలుగేళ్లు ట్రంప్ మాటకు ఎదురు చెప్పని ఉపాధ్యక్షుడు. 2021 జనవరి 6న, తాను ఓడిన ఎన్నికలో ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపును ఆపమని ట్రంప్ ఒత్తిడి చేసినప్పుడు, ఆ అధికారం రాజ్యాంగం తనకు ఇవ్వలేదన్నారు. కాంగ్రెస్ భవనం క్యాపిటల్ మీద గుంపులు పడి, తనను ఉరి తీయమని అరుస్తున్న రోజున, ఆ రాత్రే తిరిగి వచ్చి, అర్ధరాత్రి దాటాక లెక్కింపు పూర్తి చేశారు. ఆయన రాజకీయాల్లో చాలావాటితో నాకు పొత్తు కుదరదు. ఆ రాత్రి మటుకు ఆయన ధర్మకర్తగా నిలిచారు. 2024కి పోటీ పడదామని వస్తే పార్టీ కన్నెత్తి చూడలేదు. ఒక్క ఓటూ పడకముందే, 2023 అక్టోబరులో విరమించుకున్నారు.

2008లో రిపబ్లికన్ అభ్యర్థి అయిన జాన్ మెకెయిన్‌ది మరో సందర్భం. ఆ ఏడాది అక్టోబరులో మిన్నెసోటాలోని లేక్‌విల్ సభలో ఒకామె, ఆయన ప్రత్యర్థి ఒబామా అరబ్బు కనుక నమ్మలేనంది. మెకెయిన్ మైకు తీసుకుని కాదన్నారు. ఒబామా మంచి సంసారి, దేశపౌరుడు, ఆయనతో తనకున్నవి అభిప్రాయభేదాలేనన్నారు. సొంత సభలోనే ఆ సాయంత్రం ఆయనకు ఈలలు, కేకలు ఎదురయ్యాయి. బయటినుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడిగా ఆ జవాబులో నాకొక లోటు కనిపిస్తుంది. అరబ్బు అయినా మంచి సంసారి కావచ్చునన్న మాట కూడా ఆ రోజే అనాల్సింది. అయినా ఓడిపోతున్న ఎన్నికలో, నాలుగు ఓట్లు తెచ్చే విషాన్ని తన చేత్తో పక్కకు నెట్టడం చిన్న పని కాదు.

ఒక్క రోజు చూసి మనిషికి శాశ్వతంగా ముద్ర వేయడమూ సరికాదు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి సౌత్ కరొలైనా గవర్నర్ అయిన నిక్కీ హేలీనే చూడండి. 2015 జూన్‌లో చార్ల్స్‌టన్ చర్చిలో ఒక జాత్యహంకారి తొమ్మిది మంది నల్లజాతివారిని కాల్చి చంపాడు. మూడు వారాల్లో, బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యాల జెండాను శాసనసభ ఆవరణ నుంచి దింపించే చట్టం మీద ఆమె సంతకం చేశారు. ఆ జెండాను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఆమె పార్టీలోనే ఉన్నారు. అదే హేలీ 2023 డిసెంబరులో న్యూ హాంప్‌షైర్ సభలో, అంతర్యుద్ధానికి కారణం ఏమిటని అడిగితే బానిసత్వం అన్న మాట ఎత్తలేదు. మర్నాడు దిద్దుకున్నారు. పదవిలో ఉండి చేయగలిగిన పని, పదవి కోసం తిరుగుతున్నప్పుడు నోటితో చెప్పలేకపోయారు. మనిషి రెండు రోజుల్లోనూ ఉంటాడు. రెండూ తూచాలి.

ఇప్పుడు 2028. ఎక్కువగా వినిపిస్తున్న పేర్లు ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, విదేశాంగ మంత్రి మార్కో రూబియో. వాన్స్ మాట వచ్చేసరికి మన తెలుగిళ్లలో తూకం వేరే అయిపోతుంది. ఆయన భార్య ఉషా చిలుకూరి తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు. గోదావరి జిల్లాల్లోని వడ్లూరు ఆమె పూర్వీకుల ఊరని 2024లో పేపర్ల నిండా రాశారు. ఎన్నికల వేళ ఆ ఊళ్లో పూజలు కూడా చేశారు. మాకు తెలిసిన ఒక కుర్రాడు ఈమధ్య నాతో అన్నాడు: “ఇందులో ఆలోచించడానికేముంది బాబాయ్? వాన్స్ మన అల్లుడు. మనవాళ్లింటి మనిషి వైట్‌హౌస్‌లో ఉంటే మనకే మంచిది కదా.”

“అల్లుడు మనవాడే రా. దేశం అందరిదీ కదా” అన్నాను. ఆ అభిమానాన్ని నేను తీసిపారేయను. ఊరుగాని ఊళ్లో మన పేరు వినపడితే మనసు పొంగుతుంది. కానీ 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించింది కూడా ఈ ప్రభుత్వమే. ఆ రుసుము మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. బంధుత్వం విధానాన్ని నడపదన్నది మాత్రం అక్కడే తేలిపోయింది. బంధుత్వం చూసి ఓటేస్తే, సొంత బావమరిదికి మాన్యం కట్టబెట్టిన ధర్మకర్తను తప్పుపట్టే హక్కు మనకు పోతుంది.

వాన్స్‌ను తూచాలంటే ఆయన మార్పును తూచాలి. ఒహాయోలోని మిడిల్‌టౌన్‌లో పేదరికాన్నీ, కుటుంబ కష్టాలనూ దాటుకుని పైకొచ్చి, 2016లో ఆ జీవితాన్ని పుస్తకంగా రాశారు. ఆ ఏడాది ట్రంప్‌ను గట్టిగా విమర్శించినవాళ్లలో ఆయనొకరు. తరువాత మనసు మార్చుకుని, 2022లో ట్రంప్ మద్దతుతోనే సెనేటర్ అయ్యారు. మనసు మార్చుకోవడం నేరం కాదు. చూసి, నేర్చుకుని మారేవాళ్లు ఉంటారు. అలా మారినట్టు ఆయనే చెబుతారు. నేనడిగేది ఒక్కటే. మార్పు లాభం ఉన్నవైపే జరిగిందా, నష్టం ఉన్నవైపు కూడా ఎప్పుడైనా జరిగిందా? పైస్థానంలో ఉన్నవాణ్ణి కాదనడం ఉపాధ్యక్షుడికి కష్టమే. సొంతంగా నిలబడాల్సిన రోజు వచ్చాక ఆయన ఏం చేస్తారో కళ్లు తెరుచుకుని చూడాలి.

రూబియో దగ్గర కొలవడానికి ఇప్పటికే ఒక సంఘటన ఉంది. 2013లో ఎనిమిది మంది సెనేటర్లు రెండు పార్టీల నుంచీ చేరి వలస చట్టాన్ని సరిచేసే బిల్లు తయారు చేశారు. అందులో రూబియో ఒకరు. సెనేట్‌లో అది 68-32తో నెగ్గింది. ప్రతినిధుల సభ దాన్ని ముట్టుకోలేదు. పార్టీ శ్రేణులు మండిపడేసరికి రూబియో తన బిల్లుకు తానే దూరం జరిగారు. ముందు ధైర్యం ఉంది, తరువాత అది నిలవలేదు. ఆ బిల్లు మంచిదైతే ఎందుకు వదిలారు? చెడ్డదైతే ఎందుకు రాశారు? ఈ ప్రశ్నకు ఆయన నిజాయితీగా ఇచ్చే జవాబే నాకు ఆయన గురించి సగం చెబుతుంది. వీళ్లిద్దరే కాదు, ఇంకా పేర్లు వస్తాయి. గవర్నర్లు వస్తారు, సెనేటర్లు వస్తారు. ప్రశ్న అందరికీ ఒకటే.

ఇంతకీ ఈ తూకం వేయాల్సింది ఎవరు? అభ్యర్థుల్లో ధైర్యం లేదని తిట్టడం తేలిక. కానీ 1992లో బుష్‌నూ, 2023లో పెన్స్‌నూ ఇంటికి పంపింది ఎవరో నియంతలు కాదు, ఓటర్లే. తమను కాదన్నవాణ్ణి ఓడించి, తలూపినవాణ్ణి గెలిపించే పార్టీలోకి తలూపేవాళ్లే వస్తారు. ఇది రిపబ్లికన్లకే ఉన్న జబ్బు కాదు, డెమొక్రాట్లకూ ఉంది, ఇండియాలో పార్టీలకూ ఉంది. ఏ నాయకుడికైనా ఏదో ఒక రోజు సొంతవాళ్లంతా కలిసి అడగరానిది అడుగుతారు. ఆ రోజున కాదనే మనిషి ఆ కుర్చీలో కావాలంటే, వాడు మననే కాదన్న రోజున మనం వాడికి ఓటేసి ఉండాలి. నా మనసుకు నచ్చని మాట చెప్పి, ఎందుకో వివరించి, దాని ఖరీదు చెల్లించిన మనిషికి ఓటేయడం నాకూ కష్టమే. ఆ కష్టం పడకుండా మంచి నాయకుణ్ణి కోరుకునే హక్కు నాకు లేదు.

కనుక టెక్సస్‌లో ఉన్నా, ఒహాయోలో ఉన్నా, జార్జియాలో ఉన్నా, ఓటు హక్కున్న మనవాళ్లకు నా మనవి. నవంబరు దాకా ఆగకండి. మీ ఊళ్లో సభకు అభ్యర్థి వచ్చినప్పుడు వెళ్లండి. పన్నుల గురించి, వీసాల గురించి అడగండి, అడగాల్సిందే. కానీ చివరికి ఈ మూడూ అడగండి: మీవాళ్ల మాట మీరు ఎప్పుడు కాదన్నారు? ఎందుకు? దానివల్ల ఏం పోగొట్టుకున్నారు? జవాబు చెప్పగలిగినవాడు దొరికితే, ఆయన ఓడిపోతాడని సర్వేలన్నీ చెప్పినా సరే, మార్చిలో నా ఓటు ఆయనకే.